పాముచెవి

అన్నయ్య పోయిన వారానికి రేవు పత్రికలో అతని గురించి రెండు వాక్యాలు వేశారు. చెవుడు దాచిపెట్టి నౌకాదళంలో ఉద్యోగం వెలగబెట్టి, పద్దెనిమిది తిమింగలాల చావుకు కారకుడైన వ్యక్తి కన్నుమూశాడట. 'వెలగబెట్టి' అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండిపోయింది. రాసినవాడెవడో అన్నయ్య మొహం కూడా చూసి ఉండడు. ఫోన్ చేసి నాలుగు దులిపేద్దామనుకున్నాను. నంబరు నొక్కాక ఒక సంగతి తట్టింది. "మరి అసలు జరిగిందేమిటండీ?" అని అవతలివాళ్ళు అడిగితే చెప్పాల్సింది నేనే. పెట్టేశాను. అందుకే ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను. కాగితం ఎదురు ప్రశ్నలు వెయ్యదు కదా.

మా నాన్నది గడియారాలు బాగుచేసే కొట్టు. గోడ నిండా గడియారాలే, అన్నీ ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటూ ఉండేవి. అన్నయ్యకి ఎనిమిదేళ్ళప్పుడు, ఆ గోడకి వీపు పెట్టుకుని లెక్కలు చేసుకుంటూ, తల ఎత్తకుండానే "నాన్నా, పైవరసలో మూడోది ఆగిపోయింది" అన్నాడు. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని చూస్తే నిజంగానే ఆగిపోయి ఉంది. ఆ రోజు నుంచి అతని పేరు పాముచెవి. ఇంట్లో రహస్యమన్నది లేకుండా పోయింది. అన్నయ్య మీద అమ్మకి చాడీలు చెప్పాలంటే నేను ముందు నీళ్ళ పంపు తిప్పేదాన్ని, ఆ చప్పుడులో చెప్పేదాన్ని. అయినా భోజనాల దగ్గర నా మొహంలోకి చూసి, "పంపు కట్టెయ్యి, నీళ్ళు వృథా" అనేవాడు.

పెళ్ళయిన కొత్తలో వదిన ఈ సంగతి తెలియక వంటింట్లో తనలో తను గొణుక్కునేది. ముందుగదిలోంచి అన్నయ్య ఒక్కోదానికీ జవాబు చెబుతుంటే పాపం హడలిపోయింది. "మీ అన్నయ్య మనిషేనా?" అని నన్ను అడిగింది. మనిషే, కానీ చెవులు మాత్రం మనవి కావు అని చెప్పాను.

అలాంటివాడికి నౌకాదళంలో దొరికింది వినే ఉద్యోగం. నీళ్ళ కింద దాక్కున్న జలాంతర్గామిని వెతకడానికి ఓడలు సముద్రంలోకి ఒక పెద్ద శబ్దాన్ని వదులుతాయి. అది వెళ్ళి దేనికైనా తగిలి వెనక్కి వస్తే, అక్కడేదో ఉందని తెలుస్తుంది. దాన్నే సోనార్ అంటారు. ఒడ్డున ఉన్న మనకి చీమ చిటుక్కుమన్నట్టు కూడా ఉండదు. నీళ్ళలో ఉన్న తిమింగలానికి మాత్రం ఇంటి పైకప్పు నెత్తిన పడ్డట్టే. అందుకని మా నౌకాదళంలో ఒక నియమం ఉండేది. సోనార్ మోగించే ముందు ఒక మనిషి అరగంటసేపు, నీళ్ళలోకి దించిన మైకుల గుండా సముద్రాన్ని వినాలి. తిమింగలాలు చేసే చప్పుళ్ళు చాలామటుకు మన చెవికి అందనంత సన్ననివి. వాటిని ఒక యంత్రం శ్రుతి కాస్త కిందికి దించి వినిపిస్తుంది, అప్పటికీ అవి దువ్వెన పళ్ళ మీద గోరు గీసినంత సన్నగానే ఉంటాయి. అది వినబడితే సోనార్ ఆపించాలి. ఏమీ వినబడకపోతే ఒక పత్రం మీద 'ఏమీ లేవు' అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితేనే మీట నొక్కుతారు.

మిగతా ఓడల్లో ఈ పనికి ఇద్దరు కూర్చుంటారు. ఒకరు విన్నదాన్ని ఇంకొకరు సరిచూస్తారు. అన్నయ్య ఓడలో రెండో కుర్చీ పన్నెండేళ్ళు ఖాళీగానే ఉంది. పాముచెవి ఉండగా ఇంకొకరు దేనికన్నారు. ఆ ఖాళీ కుర్చీ గురించి అన్నయ్య ఎంత గర్వంగా చెప్పుకునేవాడో! ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్చీని తీసుకెళ్ళి ఎవరి నెత్తిన కొట్టాలో తెలియడం లేదు.

ఇక నా సంగతి. నేను రేవు ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాను. మెత్తలు కొట్టిన చిన్న గది, దానికో గాజు కిటికీ. లోపల మనిషి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చేతిలో బొత్తాం పట్టుకుని కూర్చుంటాడు. బయట నేను యంత్రం ముందు కూర్చుని కీచుమనే సన్నవీ, బొంగురుగా ఉండే లావువీ శబ్దాలు పంపుతుంటాను. వినబడినప్పుడల్లా అతను బొత్తాం నొక్కాలి, ఇటు నాకు దీపం వెలుగుతుంది. అంతే పరీక్ష. ఓడ మీద వినేవాళ్ళందరూ ఏడాదికోసారి నా దగ్గరికి రావాలి. సొంతవాళ్ళని పరీక్షించకూడదని నియమమైతే ఉంది. కానీ ఊళ్ళో ఆ పని చేసేదాన్ని నేనొక్కదాన్నే. పైగా పాముచెవికి పరీక్షేమిటని మా డాక్టర్లే నవ్వేవాళ్ళు.

ఒకసారి వదిన మా ఇంటికొచ్చినప్పుడు, "ఈమధ్య మీ అన్నయ్య బాగా మెత్తబడ్డాడు. వంటింట్లో ఎన్ని అన్నా పల్లెత్తు మాట అనడం లేదు" అని మురిసిపోయింది. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే, ఇదివరకు ఒక్కోదానికీ జవాబు చెప్పేవాడు కదా అనిపించింది.

ఆ ఏడాది పరీక్షలో అన్నయ్య ఎప్పటిలాగే అన్నిటికీ నొక్కాడు. కానీ అతని కళ్ళు గాజులోంచి నా చేతి మీదే ఉన్నాయి. నాకు అనుమానం వచ్చి, చేతిని మీట మీద ఆడించి, శబ్దం మాత్రం పంపకుండా ఊరుకున్నాను. దీపం వెలిగింది. మళ్ళీ ఉత్తినే ఆడించాను. మళ్ళీ వెలిగింది. మూడోసారి ఆడించేసరికి అన్నయ్యకి నా మొహం కనబడింది. బొత్తాం ఒళ్ళో పెట్టుకుని తల దించేశాడు. ఇరవై ఏళ్ళుగా హెడ్‌ఫోన్లలో మోతలు విని విని, సన్నని శబ్దాలన్నీ ఆ చెవుల్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయాయి.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను తలుపు తీసి.

"రెండేళ్ళు అయుంటుంది. లావువన్నీ బానే వినబడతాయే. ఆ పైన సన్నవే…" నీళ్ళు నమిలాడు. "నువ్వు రాసేస్తే నన్ను ఒడ్డున సామాన్ల గదిలో కూర్చోబెడతారు. పెట్టెల మీద చీటీలు అంటించుకుంటూ బతకాలి. ఇంకొక్క ఏడాది చూడవే."

ఇది తప్పని నాకు తెలియక కాదు. కానీ మా నాన్న పోయాక నా చదువుకి, నా పెళ్ళికి తండ్రిలా నిలబడ్డ మనిషి నా ముందు దొంగలా తల దించుకుని కూర్చోవడం చూడలేకపోయాను. 'మామూలుగా ఉంది' అని రాసి సంతకం పెట్టాను. ఒక్క ఏడాదన్నది మూడేళ్ళయింది. ప్రతి ఏడాదీ నా చెయ్యి బాగా కనబడేట్టు కుర్చీ కాస్త పక్కకి జరుపుకునేదాన్ని కూడా.

మూడో ఏడు, నౌకాదళం విన్యాసాలు ముగిసిన మర్నాడు పొద్దున్న రేవుగోడ అవతలి ఇసుకలోకి ఏడు తిమింగలాలు కొట్టుకొచ్చాయి. ఊరు ఊరంతా అక్కడే ఉంది. బకెట్లతో నీళ్ళు పోసేవాళ్ళు, తడి దుప్పట్లు కప్పేవాళ్ళు, భుజాలు పెట్టి నీళ్ళలోకి నెట్టేవాళ్ళు. ఒకదాన్ని యాభై మంది కలిసి లోతుకి చేర్చారు. అందరూ చప్పట్లు కొడుతుండగానే అది గిరుక్కున తిరిగి మళ్ళీ ఒడ్డుకే వచ్చేసింది. దానికి దారి తెలియడం లేదు.

అన్నయ్య ముందు రోజే ఓడ దిగాడు. ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, ఒక దాని తల పక్కన కూర్చుని చేత్తో నీళ్ళు పోస్తున్నాడు. అది ఉండుండి అరుస్తోంది. సన్నగా, పసిపిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక వచ్చే ఏడుపులా ఉంది ఆ అరుపు. పక్కనున్న ఒకావిడ చెవులు మూసుకుని, "అబ్బ, వినలేకపోతున్నానమ్మా" అంటూ వెళ్ళిపోయింది.

అన్నయ్య నా వైపు తిరిగాడు. "అరుస్తోందా?" అన్నాడు.

తల ఊపాను.

"ఇప్పుడు కూడానా?"

మళ్ళీ ఊపాను. అన్నయ్య దాని ఒంటి మీద చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచాక చెంప మీది ఇసుకైనా తుడుచుకోలేదు. "నాకేం వినబడట్లేదే. నిన్న కూడా ఇలాగే అరిచుంటాయి" అన్నాడు.

సాయంత్రానికి ఏడూ పోయాయి. మామూలుగా ఆవులకీ కుక్కలకీ సూదులేసే పశువుల డాక్టరమ్మ వచ్చి, కోసి చూసింది. చేతి తొడుగులు విప్పుతూ మాతో ఆవిడ అన్న మాటలు నాకింకా గుర్తే. "చెవుల చుట్టూ నెత్తురు కమ్మిందండీ. ఒంట్లో గాలి బుడగలున్నాయి. లోతులో ఉన్నవి దేనికో బెదిరి ఉన్నపళంగా పైకి వచ్చేస్తే ఇలా అవుతుంది. వీటికి కళ్ళు పేరుకే. దారి చూసుకోవడం, తిండి వెతుక్కోవడం, పిల్లల్ని పిలుచుకోవడం, అన్నీ చెవులతోనే."

అన్నయ్య ఆ రాత్రి అన్నం ముట్టలేదట. పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. "చెప్పేస్తానే. నేను వినలేక సంతకం పెట్టానని చెప్పేస్తాను. లేకపోతే మళ్ళీ నన్నే కూర్చోబెడతారు, మళ్ళీ చస్తాయి" అన్నాడు.

"నీ కాగితం కింద నా కాగితాలు మూడున్నాయన్నయ్యా. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యడమే కాదు, జైల్లో పెడతారు" అని ఏడ్చాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు తిమింగలాలు గుర్తు లేవు.

అన్నయ్య నా తల నిమిరాడు. "నీ పేరు రాకుండా చూస్తాలే. ఈ చావుల మీద కమిటీ వేశారు కదా, వాళ్ళ ఎదురుగా కొత్తగా పరీక్ష పెట్టమంటాను. కళ్ళు మూసుకుని కూర్చుంటాను. నువ్వు నిజంగా శబ్దాలు పంపు. నాకు వినబడవు. ఈమధ్యనే పోయిందనుకుంటారు, ఒడ్డున పడేస్తారు. సరేనా?"

సరేనన్నాను. అంతకంటే మంచి దారి దేవుడు కూడా చూపించలేడనిపించింది.

కమిటీ పెద్దాయన వేరే ఊరి మనిషి. పెళ్ళితో నా ఇంటిపేరు మారింది కాబట్టి మేం అన్నాచెల్లెళ్ళమని ఆయనకి తెలియదు. అన్నయ్య గాజు వెనక కూర్చుని, అన్నట్టుగానే కళ్ళు మూసుకున్నాడు. లావు శబ్దాలన్నిటికీ దీపం వెలిగింది. సన్నవాటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు పంపాను. దీపం లేదు. నా పక్కన నిలబడ్డ పెద్దాయన గొంతు సవరించుకుని, "ఇలాంటి చెవుడు ఒక్క ఏడాదిలో వచ్చేది కాదంటారే. ఇతను వినలేడని తేలితే పాత పరీక్షలన్నీ బయటికి లాగాల్సిందే" అన్నాడు.

కాళ్ళూ చేతులూ ఆడలేదంటారే, నాకు కాళ్ళే ఆడలేదు. చెయ్యి మాత్రం ఆడింది. శబ్దం పెంచే మీటని ఆయనకి కనబడకుండా మణికట్టు అడ్డం పెట్టి తిప్పాను. ఇంకా తిప్పాను. దీపం వెలిగింది. ఆ పైన అన్నిటికీ వెలుగుతూనే ఉంది. మూసుకున్న రెప్పల కింద అన్నయ్య మొహం వికసించడం గాజులోంచి చూస్తూనే ఉన్నాను. ఈ పనిలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది, ఎవరి చెవికైనా సరే, అందీ అందనట్టుండే శబ్దం మెల్లగానే వినబడుతుంది. నేను ఎంత పెంచానో లోపలివాడికి తెలిసే వీలే లేదు.

పెద్దాయన అటు వెళ్ళగానే అన్నయ్య బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "విన్నానే! ఒట్టు, కళ్ళు తెరవలేదు. నిజంగా విన్నాను!"

అప్పుడైనా చెప్పొచ్చు. గదిలో ఇద్దరమే ఉన్నాం.

"మరి ఆ రోజు ఒడ్డున?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"గాలి హోరు కదా అన్నయ్యా. పైగా నీ మనసు బాగాలేదు" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట!

నమ్మాడు. ఎందుకు నమ్మడు? వినగలడంటే, ఆ రోజు అరగంటలో నీళ్ళలో నిజంగా ఏమీ లేవన్నమాట. ఏడు చావులు ఒక్కసారి అతని నెత్తి మీంచి దిగిపోయాయి. ఇంటికెళ్ళి వదినతో నవ్వుతూ మాట్లాడాడట. కమిటీ 'కారణం తెలియరాలేదు' అని రాసుకుని వెళ్ళిపోయింది. అన్నయ్య మళ్ళీ ఓడెక్కాడు. ఎక్కేముందు, తిమింగలాల చప్పుళ్ళ రికార్డులు తెప్పించుకుని, ఇంట్లో కూర్చుని గంటలకొద్దీ విన్నాడు. అంత గట్టిగా పెట్టుకుంటున్నాడేమిటని వదిన విసుక్కుంటే, స్పీకర్లు పాతవయ్యాయన్నాడట.

ఎనిమిది నెలలకి మళ్ళీ విన్యాసాలు. మర్నాడు పదకొండు కొట్టుకొచ్చాయి. అందులో ఒకటి తల్లి. దాని పొట్టకి ఆనుకుని పిల్ల. తల్లి ముందే పోయింది. పిల్ల మధ్యాహ్నందాకా ఉంది. ఉన్నంతసేపూ ముట్టెతో తల్లిని పొడుస్తూనే ఉంది.

అన్నయ్య బకెట్టుతో పరిగెత్తుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. వగరుస్తూ, "అరగంట కాదే, ఈసారి గంట విన్నాను. పట్టుబట్టి గంట విన్నాను. ఏమీ లేవు. ఇవి ఎక్కణ్ణించి వచ్చాయే? ఎక్కణ్ణించి వచ్చాయి?" అన్నాడు.

పిల్ల మళ్ళీ అరిచింది. మనుషులందరూ అటు తిరిగారు. అన్నయ్య ఒక్కడే తిరగలేదు. జవాబు కోసం నా మొహమే చూస్తున్నాడు.

"నేనే పెంచానన్నయ్యా. ఆ రోజు పరీక్షలో. నీకు వినబడేదాకా పెంచాను."

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. బకెట్టు తొణక్కుండా ఇసుకలో దించాడు. "ఎంత పెంచావు?" అన్నాడు.

"నలభై డెసిబెల్స్."

తల ఊపాడు. ఆ లెక్క మా ఇద్దరికీ తెలుసు. నలభై పెంచితే తప్ప వినబడని చెవికి సముద్రం మధ్యలో ఎంత వినబడుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. "ముందే చెప్పుంటే ఈ పదకొండూ…" అని ఆగిపోయాడు. మళ్ళీ బకెట్టు తీసుకుని పిల్ల దగ్గరికి వెళ్ళాడు. అది పోయేదాకా పోస్తూనే ఉన్నాడు. పోయాక కూడా కాసేపు పోశాడు.

మర్నాడు నౌకాదళం ఆఫీసులో, పొడుగాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. నన్నూ పిలిచారు. అన్నయ్య నిలబడే చెప్పాడు. "నాకు అయిదేళ్ళుగా సన్న శబ్దాలు వినబడవండి. పరీక్షల్లో గాజులోంచి ఆవిడ చెయ్యి చూసి నొక్కేవాణ్ణి. ఆవిడకేం తెలియదు."

కమిటీ పెద్దాయన నొసలు ముడిచాడు. "కిందటిసారి నేనక్కడే ఉన్నాను. మీరు కళ్ళు మూసుకున్నారు కదండీ?"

"రెప్పల సందులోంచి చూశానండి" అన్నాడు అన్నయ్య. జన్మలో అబద్ధమాడటం సరిగ్గా చేతకాని మనిషి, ఆ ఒక్కటి తడుముకోకుండా ఆడాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "మీకేమైనా అనుమానం వచ్చిందా అమ్మా?"

"లేదండీ" అన్నాను.

ఆ మాటతో విచారణ అయిపోయింది. సముద్రాన్ని హడలగొట్టే సోనార్ తప్పు లేదు, ఖాళీగా ఉంచిన కుర్చీ తప్పు లేదు, తప్పంతా ఒక చెవిటివాడిది. అందరికీ ఊపిరి తేలికపడింది. అదే చోట, అదే శబ్దం, కొత్త మనిషితో మళ్ళీ మొదలుపెడతామని అక్కడికక్కడే రాసుకున్నారు. అన్నయ్య గుర్తింపు కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

బయట వరండా నిండా జనం. గుమాస్తాలు, నావికులు, పత్రికలవాళ్ళు. అన్నయ్య నా పక్కనే నడుస్తున్నాడు, జనం తోసుకుంటుంటే నాకు భుజం అడ్డం పెడుతున్నాడు. "క్షమించు అన్నయ్యా" అన్నాను. మాట సన్నగా వచ్చింది. అతను ఆగి, చెవి నా నోటి దగ్గరికి వంచి, "ఏమన్నావే? కాస్త గట్టిగా చెప్పు" అన్నాడు.

గట్టిగా చెబితే అందరూ వింటారు. చుట్టూ చూశాను. ఆ తర్వాత అన్నయ్య నాలుగేళ్ళు బతికాడు, రోజూ కనబడేవాడు, ఆ మాట మళ్ళీ నా నోట రాలేదు.

"ఏం లేదన్నయ్యా, పద" అన్నాను, గట్టిగానే.